మనకంటే ముందు వచ్చినవారు
కోయంబత్తూరు, మధుర మండలాలలో పాత తెలుగు ఊళ్ళు, వారి గుడులు

ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో, పిల్లల చదువుల కోసమో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల నుండి కోయంబత్తూరుకు గాని మధురకు గాని వచ్చి స్థిరపడిన కుటుంబాలకు కొద్ది నెలలలోనే ఒక విషయం తెలియవస్తుంది. ఇక్కడ తెలుగు వినిపించే ఇండ్లు చాలా ఉన్నవి. అంగడిలోనో, బస్సులోనో, మిల్లు గేటు వద్దనో మన మాట చెవిన పడగానే ఎవరో ఒకరు తెలుగులోనే పలకరిస్తారు. వారి తెలుగులో "ఉన్నాడు" అనేది "ఉండాడు" అవుతుంది. నడుమ తమిళ పదాలు దొర్లుతాయి. మీరెప్పుడు వచ్చారని అడిగితే సంవత్సరం చెప్పరు, రాజు పేరు చెబుతారు.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడి ఉన్నారు. అనగా ప్రతి వందమందిలో సుమారు ఆరుగురు. వీరిలో పెక్కుమంది విజయనగర, నాయక రాజుల కాలంలో తరలివచ్చినవారి సంతతి. ఇంట తెలుగు మాట్లాడుతారు గాని ఆ లిపిని చదవగలవారు అరుదు. కనుక వీరి చరిత్రను తెలుగు పుస్తకాలలో మాత్రమే వెదకితే సగమే దొరుకుతుంది. మిగిలిన సగం గుడి స్తంభాల మీద, తిరునాళ్ళ తేదీలలో, పొలిమేర దేవతల కథలలో ఉన్నది. దానిని ఎలా చదువుకోవాలో తెలుపుటకే ఈ పాఠం.

నల్లరేగడి దారి

మధుర నాయక రాజ్యానికి మూలపురుషుడు విశ్వనాథ నాయకుడు. 1529 ప్రాంతంలో ఆయన పాలన మొదలైనట్లు చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఆయన తండ్రి కోటికం నాగమ నాయకుడు విజయనగర చక్రవర్తి పంపగా మధురకు వచ్చి, ఆ రాజ్యాన్ని తానే అట్టిపెట్టుకొన్నాడనీ, కొడుకే తండ్రిని ఓడించి బంధించి చక్రవర్తి ఎదుట నిలిపాడనీ ఒక ప్రసిద్ధ కథ ఉన్నది. కథ మాట ఎలా ఉన్నా, విశ్వనాథుని పక్కన నిలిచి రాజ్యాన్ని తీర్చిదిద్దినవాడు అరియనాథ ముదలియారు అనే తమిళుడు. తెలుగు దొర, తమిళ మంత్రి కలిసి చేసిన ఏర్పాటే పాళెయాల పద్ధతి. దేశాన్ని 72 పాళెయాలుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క పాళెగానికి అప్పగించారు. పన్ను వసూలు, ఊరి కావలి, యుద్ధం వచ్చినపుడు సైన్యం, ఈ మూడూ అతని బాధ్యతలు. ఆ పాళెగాండ్రలో మరవ దొరలూ ఉన్నారు, తెలుగు నాయకులూ ఉన్నారు.

దొర వెంట సైనికులు, సైనికుల వెంట రైతులు, రైతుల వెంట చేతిపనులవారు వచ్చారు. కావేరి, తామ్రపర్ణి ఒడ్డున ఉన్న మాగాణి భూములు అప్పటికే తమిళ రైతుల చేతిలో ఉన్నవి. మిగిలినది వానకు ఎదురుచూచే నల్లరేగడి. తమిళంలో దానిని కరిసల్ అంటారు. రాయలసీమ మెట్టనేలలకు అలవాటుపడినవారికి ఆ మట్టి కొత్త కాదు. బావి త్రవ్వడం, పత్తి, జొన్న పండించడం వారికి తెలిసిన విద్య. అందుచేతనే కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం పరిసరాలలోనూ, కోయంబత్తూరు చుట్టుపక్కలా తెలుగు ఊళ్ళు దట్టంగా కనిపిస్తాయి. ఈ మండలాలలో పాత తెలుగు ఊరు ఎక్కడ ఉండునో ఊహింపదలచినవారు పటం కంటే ముందు మట్టి రంగు చూడడం మేలు.

చేతులు జోడించిన రాజులు

మధుర మీనాక్షి ఆలయంలో వేయి స్తంభాల మండపాన్ని 1569లో అరియనాథ ముదలియారు కట్టించినట్లు ప్రసిద్ధి. లెక్కకు స్తంభాలు 985. ప్రవేశద్వారం దగ్గర గుర్రమెక్కి ఉన్న శిల్పం ఆయనదే. ఇప్పుడు ఈ మండపంలో ఆలయ శిల్ప ప్రదర్శనశాల నడుస్తున్నది.

తూర్పు గోపురానికి ఎదురుగా, వీధికి ఆవల ఉన్న పుదుమండపం తిరుమల నాయకుడు (1623–1659) స్వామి వసంతోత్సవం కోసం కట్టించినది. చాలాకాలం ఇందులో దర్జీల కుట్టుమిషన్లు, పుస్తకాల కొట్లు, పాత్రల అంగళ్ళు నిండి ఉండుటచేత స్తంభాల వంక చూచేవారే తక్కువ. నడి వరుసలలో నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు ఉన్నవి. తిరుమల నాయకుడు పెద్ద బొజ్జతో, రాణులతో నిలిచి ఉంటాడు. ఆయన పూర్వులు కూడా అక్కడే ఉన్నారు. అందరి చేతులూ జోడించియే ఉన్నవి. కత్తి మొలలో ఉన్నది, చేతిలో లేదు. పరాయి భాష మాట్లాడే పాలకుడు ఆ నేల దేవత ఎదుట భక్తుడుగా నిలిచి, ఆ భక్తి ద్వారానే తన అధికారానికి ఒప్పుదల సంపాదించుకొన్న తీరు ఈ రాళ్ళలో తెలుస్తున్నది.

ఊయల మండపం పైకప్పు మీది వర్ణచిత్రాలలో రాణి మంగమ్మ మనుమడు విజయరంగ చొక్కనాథునితో కనిపిస్తుంది. పసివాని పేర 1689 నుండి పదిహేనేండ్లకు పైగా ఆమె రాజ్యమేలినది. బాటలు వేయించి, బాటసారులకు సత్రాలు కట్టించిన రాణిగా తమిళ ప్రజలు నేటికీ ఆమెను తలచుకొంటారు. మధుర రైల్వే స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం ఆమె పేరిటిదే. ఆమె నివసించిన తముక్కం భవనంలో 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల ఉన్నది.

ఆ మనుమడే పెరిగి తెలుగు వచన రచయిత అయినాడు. శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము అతని రచనలు. అతని కొలువులోనే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని వచనంగా రచించాడు. శేషము వేంకటపతి శశాంక విజయం చెప్పాడు. పద్యమే కావ్యమనుకొన్న కాలంలో తెలుగు వచనం మధురలో పెరిగి పెద్దదైనదని సాహిత్య చరిత్ర చదివినవారికి తెలిసినదే. అయినను, ఇదే రాజుల శాసనాలను గుడి గోడల మీద చూచినచో ఎక్కువ భాగం తమిళంలో కనబడతాయి. కొలువులో తెలుగు, ప్రజలతో తమిళం. నేటి ఇండ్లలో ఉన్న ఏర్పాటూ ఇంచుమించు ఇదే.

విల్లిపుత్తూరు నుండి వచ్చే మాల

ఈ మండలంలో తెలుగు చదువరి తప్పక తెలుసుకొనవలసిన ఊరు శ్రీవిల్లిపుత్తూరు. మధురకు నైరుతి దిక్కున సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, నేటి విరుదునగరం జిల్లాలో ఉన్నది. విష్ణుచిత్తుడు తులసివనంలో గోదాదేవిని కనుగొన్నది ఇక్కడ. ఆమె తాను ముడిచి విడిచిన మాలను స్వామికి అర్పించినది ఇక్కడ. ఆముక్తమాల్యద అను పేరుకు అర్థం అదే. తుంగభద్ర ఒడ్డున రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ఆనతిచ్చినాడని చెప్పుకొని, దూరాన ఉన్న ఈ తమిళ ఊరి కథను తెలుగులో మహాకావ్యం చేశాడు. పాఠశాలలో ఆ కావ్యంలోని పద్యాలు బట్టీపట్టినవారిలో ఎంతమంది ఆ ఊరు ఇంకా ఉన్నదని, అక్కడికి బస్సు పోతుందని తలచి ఉంటారో!

గోదాదేవి మాల నేటికీ ప్రతి సంవత్సరం చైత్ర పూర్ణిమ ఉత్సవానికి మధుర వస్తుంది. నగరానికి ఉత్తరంగా సుమారు 21 కిలోమీటర్ల దూరంలో కొండ అడుగున ఉన్న అళగరు కోవెల స్వామి, చెల్లెలైన మీనాక్షి పెండ్లికి బయలుదేరుతాడు. తల్లాకుళంలో ప్రసన్న వేంకటాచలపతి గుడి వద్ద ఆ మాల ధరించి, బంగారు గుర్రమెక్కి వైగై నదిలో దిగుతాడు. పెండ్లి అప్పటికే అయిపోయినదని తెలిసి నగరంలోకి రాకుండా వండియూరు వైపు మరలిపోతాడని ప్రజలు చెబుతారు. ఆ రోజు స్వామి కట్టిన పట్టు రంగును బట్టి ఏటి పంటను ఊహించుకోవడం రైతుల ఆచారం. పచ్చ కడితే సుభిక్షం. వండియూరులో స్వామి విశ్రమించే చోటు తుళుక్క నాచ్చియారుదని చెబుతారు. తిరుపతి బీబీ నాంచారి కథ విన్న మనకు ఈ పేరు వివరింప నక్కరలేదు.

ఒకప్పుడు ఈ రెండూ వేరువేరు పండుగలనీ, మీనాక్షి కల్యాణం మాసి నెలలోనూ, అళగరు యాత్ర చిత్తిరై నెలలో తేనూరు వైపునూ జరిగేవనీ, తిరుమల నాయకుడే రెంటినీ ఒక్క వారంలోకి తెచ్చాడనీ సంప్రదాయం. చిత్తిరైలో కోతలు ముగిసి రైతులకు తీరిక ఉంటుంది. పెద్ద రథాలు లాగుటకు వేల చేతులు కావాలి. శైవుల నగరాన్నీ, వైష్ణవుల పల్లెనూ కలిపిన ఈ ఏర్పాటు ఏ కోట కంటెనూ గట్టిదని నా అభిప్రాయం. ఆయన కట్టించిన మహలులో ఎక్కువ భాగాన్ని మనుమడు చొక్కనాథుడే పడగొట్టి తిరుచిరాపల్లికి తరలించాడు. పండుగను మాత్రం ఎవరూ కదిలింపలేదు.

శ్రీవిల్లిపుత్తూరులో నైవేద్యం అయినట్లు నగారా మోగిన తరువాతనే తిరుమల నాయకుడు భోజనం చేసేవాడనీ, అందుకై దారిపొడుగునా నగారా మండపాలు కట్టించాడనీ మరొక కథ. ఇదే కథను తిరుచెందూరు మురుగని గుడికి ముడిపెట్టి వీరపాండ్య కట్టబొమ్మని గురించీ చెబుతారు. కథ ఎవరిదైనా, గుడి గంటకూ కోటకూ నడుమ దారి ఉండాలని ప్రజలు కోరుకొన్నారు.

గోపురానికి వెలుపల

రాజులు లోపల ఉన్నారు. వెలుపల నిలిచినవారి సంగతి కూడా చెప్పుకోవాలి. మీనాక్షి ఆలయ తూర్పు గోపురం దగ్గర మదురై వీరన్ సన్నిధి ఉన్నది. జానపద గాథ ప్రకారం ఇతడు తోలుపని చేసే చక్కిలియ దంపతుల ఇంట పెరిగినవాడు. నాయక పాళెగాని కూతురు బొమ్మిని వరించి తీసుకొనివచ్చాడు. తిరుమల నాయకుని కొలువులో చేరి దొంగల పీచమణచాడు. చివరకు ఆ రాజు ఆజ్ఞ చేతనే చేయీ కాలూ నరకబడి మరణించి దేవుడైనాడు. అతడు పుట్టుకచేత కాశీరాజు కొడుకని గాథ కొన్ని పాఠాలలో చెబుతుంది. ఆ ముక్క తరువాత కుట్టిన అతుకువలెనే తోస్తున్నది. 1956లో వచ్చిన తమిళ చలనచిత్రం ఈ కథను తమిళనాడు అంతటా చాటినది.

నేడు అరుందదియర్ అని పిలువబడే ఈ సముదాయంలో చాలా కుటుంబాల ఇంటి భాష తెలుగు. కొంగునాడు మెట్టపొలాలలో బావి నీరు తోడే తోలుమోట వీరి చేతిపని. మోట లేనిదే నల్లరేగడిలో తోట లేదు. నాయక రాజ్యపు తెలుగు చరిత్ర అని మనం గర్వంగా చెప్పుకొనే దానిలో వీరి పాలు రాణుల పాలుకు తీసిపోదు. కాని 1939 జూలై 8వ తేదీ వరకు దళితులకూ నాడార్లకూ మీనాక్షి ఆలయంలో ప్రవేశం లేదు. ఆనాడు ఎ. వైద్యనాథయ్యరు కొందరు దళితులనూ ఒక నాడారునూ వెంటబెట్టుకొని గుడిలో ప్రవేశించారు. అప్పటి ఆలయ కార్యనిర్వహణాధికారి ఆర్. ఎస్. నాయుడు వారికి తోడ్పడ్డారు. పుదుమండపం చూచినవారు నాలుగడుగులు నడిచి వీరన్ సన్నిధి కూడా చూడవలెను. లేకున్నచో చరిత్రలో సగం చూచినట్లే.

కొంగునాట పశువుల కాపరులు

కోయంబత్తూరు సీమను కొంగునాడు అంటారు. ఇదీ ఒకప్పుడు మధుర నాయకుల ఏలుబడిలో ఉండెను. నగరానికి పడమట, నొయ్యలు నది ఒడ్డున ఉన్న పేరూరు పట్టీశ్వరాలయంలోని కనకసభను పదిహేడవ శతాబ్దంలో అళగాద్రి నాయకుడు కట్టించాడు. పెద్ద స్తంభాల మీద గజసంహారమూర్తి, వీరభద్రుడు, భిక్షాటనమూర్తి, కాళి ప్రాణంతో ఉన్నట్లు నిలిచి ఉంటారు. పైకప్పు నుండి రాతి గొలుసు వ్రేలాడుతుంది. లేపాక్షి చూచినవారికి ఇక్కడి వీరభద్రుడు కొత్తవాడు కాడు. ఆ ఉగ్రమూర్తి విజయనగర సేనలతోపాటు దక్షిణానికి నడిచి వచ్చాడు.

అయితే కొంగునాట తెలుగువారి ఆనవాలు రాజు కట్టిన మండపంలో కంటె పశువుల మందలో ఎక్కువగా దొరుకుతుంది. మేట్టుపాళయం దారిలోని కారమడై రంగనాథస్వామి స్థలపురాణం వినండి. కారై ముళ్ళపొదల నడుమ తొట్టియ కులపు కాపరి ఒకడు పశువులను మేపుతున్నాడు. ఒక ఆవు పుట్ట మీద పాలు కురిపించడం గమనించి పొదను నరికాడు. కత్తి తగిలి నెత్తురు వచ్చినది. స్వామి వెలసినట్లు తెలిసినది. ఆ గాయానికి నేటికీ గంధం పూస్తారని చెబుతారు. మాసి నెల మఖా నక్షత్రం నాటి రథోత్సవానికి చుట్టుపక్కల పల్లెలన్నీ కదలివస్తాయి. భక్తులు కాగడాలు పట్టి పంద సేవ, నీటితో తణ్ణీర్ సేవ చేస్తారు.

ఆ తొట్టియ నాయకులే రాజకంబళత్తారు. కులపంచాయతీ కూర్చున్నపుడు కంబళి పరచి దానిమీద కలశం ఉంచుటచేత ఆ పేరు వచ్చినదని 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం చెబుతున్నది. వీరి వలస కథను కూడా ఆయన వ్రాసి ఉంచాడు. ఉత్తరాన తమ ఆడబిడ్డల మానానికి ముప్పు వాటిల్లగా రాత్రికి రాత్రి బయలుదేరారట. వెనుక తురుష్కుల సైన్యం, ముందు పొంగే ఏరు. ఇరు ఒడ్డులనున్న రెండు పొంగు చెట్లు వంగి వారధి అయినవి. వారు దాటగానే చెట్లు మరల నిటారుగా లేచినవి. పొంగు, లేదా పుంగం, అంటే మన కానుగ చెట్టు. ఆ చెట్టును వారు నేటికీ గౌరవిస్తారు. చరిత్రలో దీనికి తేదీ వెదకడం వ్యర్థం. ప్రాణాలు అరచేత పట్టుకొని ఊరు విడిచినవారు నాలుగు వందల ఏండ్ల తరువాత కూడా ఒక చెట్టుకు కృతజ్ఞత చూపుతున్నారు, చూడవలసినది అది.

వీరి కులదేవత జక్కమ్మ. ఆంగ్లేయులను ఎదిరించి 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబమెక్కిన పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మనికి ఇలవేలుపు ఈమెయే. పాట లేకుండా కేవలం వాద్యపు దెబ్బకు, చేతిరుమాళ్ళు పట్టి, కాలిగజ్జెలతో మగవారు ఆడే దేవరాట్టం వీరిది. ఉడుమలపేట దగ్గరి సోమవారపట్టిలో ఆల్‌కొండమాల్ కోవెల ఉన్నది. అక్కడి స్వామి పశువులను కాచే కృష్ణుడు. సంక్రాంతి దినాలలో రైతులు పాలు తెచ్చి అభిషేకం చేయిస్తారు. మట్టితో చేసిన ఆవు, ఎద్దు బొమ్మలను సమర్పిస్తారు. దేవరాట్టం చూడదలచినవారికి అదే తగిన సమయం. 2009 వరకు ఉడుమలపేట కోయంబత్తూరు జిల్లాలోనే ఉండెను; ఇప్పుడు తిరుప్పూరు జిల్లాలో చేరినది.

కోయంబత్తూరు సీమలో స్థిరపడిన కమ్మవారిలో కొన్ని కుటుంబాలు తాము గండికోట నుండి వచ్చామని చెప్పుకొంటాయి. పత్తి పండించిన చేతులే తరువాత పత్తి మిల్లులు పెట్టినవి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు నెలకొల్పారు. పీళమేడులో పి. ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు ఆస్తిలో ఒక వాటాను దానధర్మాలకు కేటాయించి 1926లో ధర్మసంస్థను స్థాపించారు. గుడికి మండపం కట్టించే అలవాటు బడికీ ఆసుపత్రికీ మళ్ళినదనుకోవచ్చు.

ఇంటిపేరు ఎక్కడ ఉన్నది?

తమిళనాడు పద్ధతిలో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే వస్తుంది. కనుక పాత తెలుగువారి ఇంటిపేరు బడి రికార్డులో గాని, రేషను కార్డులో గాని కనబడదు. పెండ్లి మాటలప్పుడు మాత్రం పెద్దవారు అడుగుతారు, చెబుతారు. ఎక్కడా వ్రాయకుండానే పది, పదిహేను తరాలుగా నిలిచిన ఈ పేర్లలో మీ స్వంత ఊరు పేరు వినబడినా ఆశ్చర్యపడకండి.

2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలలలో తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా పై తరగతులకు విస్తరిస్తూ తప్పనిసరి అయినది. 2015–16లో అది పదవ తరగతికి చేరినపుడు భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు మినహాయింపు కోసం న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చినది. తమిళం నేర్వడం ఈ పిల్లలకు బరువేమీ కాదు. వారి తాతముత్తాతలు తమిళంలోనే లోకవ్యవహారం సాగించారు. పోతున్నది తెలుగు లిపి. ఇంట అవ్వ చెప్పే జక్కమ్మ కథను ఆమె పలికిన తెలుగులోనే కాగితం మీద పెట్టగలవారు ఆ ఇంటిలో లేరు. కొత్తగా వచ్చిన మన ఇండ్లలో ఉన్నారు. వారి మాటలోని "ఉండాడు"ను చూచి నవ్వే కొత్తవారు, రాయలసీమలో ఇప్పటికీ అలాగే అంటారని గుర్తుంచుకోవలెను.

చూడబోయేవారికి కొన్ని సూచనలు. పేరూరు కోయంబత్తూరు నగరం నుండి సిటీ బస్సు దూరమే. ఒక పూటలో చూచి రావచ్చును. కనకసభ శిల్పాలు చూచుటకు పగటి వెలుతురు మంచిది, కనుక ఉదయం వెళ్ళండి. కారమడైకి మేట్టుపాళయం పోయే బస్సులు, రైళ్ళు ఉన్నవి. మధురలో పుదుమండపం, వేయి స్తంభాల మండపం, వీరన్ సన్నిధి ఒక్క రోజులో చూడవచ్చును. శ్రీవిల్లిపుత్తూరుకు మరొక రోజు కేటాయించండి. చిత్తిరై ఉత్సవంలో వైగై ఒడ్డున లక్షల జనం ఉంటారు. పసిపిల్లలతోనూ వృద్ధులతోనూ నదిలోకి దిగకుండా ఒడ్డునుండి చూడడం క్షేమం. పల్లె గుడులలో ఫోటో తీయుటకు ముందు పూజారిని అడగండి. ఆయన తెలుగులో బదులిచ్చినట్లయితే, ఆయన ఇంటిపేరు కూడా అడిగి వ్రాసుకొనండి.